ఇల్లుండియు నీడలేని వారు



హైదరాబాదులోనో, బెంగుళూరులోనో రాత్రి పదిగంటలు దాటిన పిమ్మట వంతెనల క్రిందను, మూసిన అంగళ్ళ అరుగులమీదను, రైల్వేస్టేషను వాకిళ్ళలోను వరుసగా పండుకొనియున్న వారిని మీలో పెక్కుమంది చూచియేయుందురు. తలక్రింద గోనెసంచి, ఆ సంచిక్రింద దొంగల భయముచే దాచుకొన్న చెప్పులు, నడుమ పిల్లలు, రోడ్డువైపున మగవారు. చూచినవారికి వెంటనే తోచు మాట 'పాపము, వీరికి ఇల్లు లేదు' అని. నేనీవేళ మీతో చెప్పదలచిన సంగతి యేమనగా, వారిలో అనేకులకు ఇల్లు కలదు. ఆ యిల్లు మన కర్నూలు జిల్లా కోసిగిలో కలదు, కౌతాళములో కలదు, ఆస్పరి, పత్తికొండ ప్రాంతపు పల్లెలలో కలదు. తలుపునకు తాళము వేసి, తాళపుచెవి కొంగున ముడివైచుకొని వచ్చి, పరుల నగరములో కాలిబాటపై పండుకొనియున్నారు. ఇల్లు కలదు, ఆ యింట నుండి బ్రదుకుటకు పని లేదు. ఈ మాటను మనస్సున నుంచుకొనుడు. నేను దీనిని మరల మరల చెప్పవలసియున్నది.

మన కర్నూలు పడమటి పల్లెలలో దీనిని సుగ్గికి పోవుట అందురు. వానకాలపు పంట చేతికి వచ్చినను, రాకున్నను, దసరా దీపావళులు దాటగానే ఊళ్ళలో మూటలు కట్టుట మొదలగును. ఆ మూట విప్పి చూచినచో వారి ప్రయాణ మెట్టిదో తెలియును. కొన్నాళ్ళకు సరిపడు జొన్నలు, ఎండుకారము, రెండు గిన్నెలు, ఒక పెనము, వానకును ఎండకును కూడ పనికివచ్చు ఒక నల్లపట్ట. గుంటూరు మిరపచేలకు పోవువారు ఆ పట్టను చేని గట్టుననే గుడారముగా వేసికొందురు. హైదరాబాదు, బెంగుళూరు పోవువారికి ఆ గట్టు కూడ దొరకదు. కట్టుచున్న భవనమే వారికి గతి. గోడలు లేని అంతస్తులో, సిమెంటు మూటల నడుమ, ఇనుపకమ్ముల ప్రక్కన, ఆలుబిడ్డలతో తల దాచుకొందురు. గోడలు లేచి, గిలాబు పూర్తియై, కిటికీలకు అద్దములు, వాకిళ్ళకు తలుపులు బిగించిన దినమున, అనగా ఆ కట్టడము మనుష్యులు కాపురముండుటకు యోగ్యమైన దినమున, దానిని కట్టినవారు మూట సర్దుకొని వెలుపలికి రావలెను. మరియొక పని దొరకువరకు వంతెన క్రిందనో, స్టేషను వాకిటనో గడుపుదురు. మనము దారిన పోవుచు చూచునది ఈ నడిమి రాత్రులను.

వారు విడిచివచ్చిన ఇల్లైనను వారు తిరిగి వచ్చువరకు నిలిచియుండునా? రాయలసీమ పల్లెలో పెరిగిన పెద్దలకు చౌడుమిద్దెను గూర్చి చెప్పనక్కరలేదు. చిన్నవారికొరకు చెప్పుచున్నాను. రాతిగోడలపై దూలములు, దూలములపై దంతెలు, వానిపై కంప పరచి మట్టి మెత్తి, అన్నిటికి పైన చౌడుమన్ను పోయుదురు. నీటిని లోనికి దిగనీయని గుణము ఆ మన్నునకు కలదు. కాని ఏటేట తొలకరికి ముందు ఎవరో ఒకరు మిద్దె యెక్కి, మొలచిన గడ్డి పెరికి, క్రొత్త చౌడు పోసి, చదును చేయవలెను. ఇంట మనిషి యున్నంత కాలము ఆ మిద్దె తరతరములు నిలుచును. ఉగాదికి ఊరు చేరినవారు తమ మిద్దెకు చౌడు పోసికొందురు. అప్పు తీరకనో, మేస్త్రి యొద్ద పుచ్చుకొన్న అడ్వాన్సు చెల్లకనో ఆ యేడు నగరములోనే నిలిచిపోయినవారి మిద్దెకు పోయువా రెవరు?

ఒకమారు ఆదోని బస్టాండులో బెంగుళూరు బస్సుకై కాచుకొనియున్న ఒక ముసలమ్మను, "అవ్వా, ఊళ్ళో ఇల్లు లేదా?" అని అడిగితిని. ఆమె చెప్పిన మాట ఆమె మాటలలోనే వినుడు. "ఇల్లు ల్యాకేం నాయనా, మిద్దిల్లే మాది. రెండేండ్లు బెంగుళూరులోనే ఉంటిమి, సౌడు పోసేటోళ్ళు ల్యాకపాయ. వానలకు దూలం ఇరిగి పడె. ఇంగ యాడుంటే ఏముండాది, కూలి దొరికిన కాడే ఇల్లు."

వింటిరి గదా! మొదట పని పోయినది. పనికై ఊరు విడిచినందున ఇల్లు పడినది. ఇల్లు పడినందున ఊరికి తిరిగివచ్చు దారి మూసికొనిపోయినది. నగరములో ఆమెను చూచువారు కడపటి ఘట్టమునే చూచుచున్నారు. మొదటి ఘట్టము ఇక్కడ, మన చేలలో, వాన ముఖము చాటుచేసిన నాడు జరిగినది.

ఇది నేడు పుట్టిన కష్టము కాదు. మన సీమ చరిత్రలో సగము కరువుల చరిత్రయే. 1876 మొదలు 1878 వరకు సాగిన మహాక్షామములో దక్షిణదేశమంతయు అల్లాడినది. అన్నము దొరకునన్న ఆశతో జనులు దిక్కు తెలియక దారులు పట్టిరి. అంతకు పదేండ్ల క్రిందట, 1866 నాటి కరువులో, ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డిగారు తమ గాదెలు తెరచి వేలమందికి అన్నము పెట్టిరి. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకము పంపిన సంగతిని మనము గర్వముతో చెప్పుకొందుము. నాకు పతకముకంటె ముఖ్యముగా తోచున దొకటి కలదు. ఆయన ఆకలిగొన్నవారి యూళ్ళకు దగ్గరనే అన్నము దొరకునట్లు చేసెను. చెన్నపట్టణము పోయి సత్రము వాకిట నిలువనక్కర లేకపోయెను. 1952లో మరల కరువు వచ్చి, మన తాలూకాలలో గంజికేంద్రములు నడపవలసి వచ్చినపుడును ఊరికి దగ్గరనున్న గంజికేంద్రమే జనులను కాపాడినది. పల్లెలో నిలుపగల సాయము పల్లెకు అందినచో, నగరపు కాలిబాటపై ఒక కుటుంబము తగ్గును. ఇది దయతో చెప్పు మాట మాత్రమే కాదు. అనుభవము చెప్పు మాట.

వాన లేమి ఒక కారణము. మనము చేసిన పనులు మరియొక కారణము. శ్రీశైలము వద్ద కృష్ణపై ఆనకట్టకు 1963లో జవహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. దేశమునకు వెలుగునిచ్చిన కట్టడము, కాదనుట లేదు. కాని కృష్ణా తుంగభద్రల తీరమున, కర్నూలు మహబూబ్‌నగరు జిల్లాలలో, సుమారు నూరు గ్రామములు దాని నీటిలో మునిగిపోయినవి. 1981 వేసవిలో, నీరు పూర్తిగా నిండకముందే, జనులు ఇంకను కాపురమున్న ఇండ్లను అధికారులు కూల్పించిరి. ఆ ముంపు ప్రాంతములోని అనేక ప్రాచీన దేవాలయములను మాత్రము ఒక్కొక్క రాయికి గుర్తు పెట్టి, విప్పి, తరలించి, మరల ఆ క్రమముననే కట్టిరి. అలంపురములోని కూడలి సంగమేశ్వరాలయమును, మన కర్నూలు జగన్నాథగట్టుపైనున్న రూపాల సంగమేశ్వరాలయమును అట్లు తరలివచ్చినవే. వానిని కాపాడినందులకు నేను సంతోషించుచున్నాను; అవి మన పూర్వుల సొత్తు. కాని రాతి విషయమున చూపిన ఓర్పు ఆ రాళ్ళ నడుమ బ్రదికిన మనుష్యుల విషయమున చూపలేదని చెప్పక తప్పదు. ఏ రాయి ప్రక్కన ఏ రాయి యుండెనో వ్రాసికొన్నారు. ఏ కుటుంబము ప్రక్కన ఏ కుటుంబ ముండెనో ఎవరును వ్రాసికొనలేదు. ముంపు కుటుంబములకు ఉద్యోగములిత్తుమని 1986లో ప్రభుత్వ ఉత్తరువు వెలువడినది; దాని అమలు కొరకు ఆ కుటుంబములవారు దశాబ్దములు కచేరీల చుట్టు తిరిగిరి. చేతికి వచ్చిన పరిహారము చిన్న చిన్న మొత్తములుగా కరిగిపోగా, భూమినే నమ్మి బ్రదికినవారిలో ఎందరో కూలికై పట్టణముల దారి పట్టిరి.

ఆ 1981లోనే, మన పల్లెలపై గడ్డపారలు పడిన ఆ సంవత్సరముననే, బొంబాయిలో కాలిబాటలపై నున్న గుడిసెలను కూడ పడగొట్టదలచిరి. ఓల్గా టెల్లిస్ అను పాత్రికేయురాలును, కొందరు కాలిబాటవాసులును న్యాయస్థానమున కెక్కిరి. 1985లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పులో నొక గొప్ప సత్యము బయటపడినది. ఈ జనులు కాలిబాటను కోరి ఎంచుకొనలేదు. పని యెక్కడ నున్నదో అక్కడ పండుకొనుచున్నారు. పని యొద్దనుండి తరుముట యనగా బ్రదుకునుండి తరుముటయే. జీవించు హక్కులో జీవనోపాధి హక్కు ఇమిడియున్నది. ఇట్లని చెప్పియు న్యాయస్థానము గుడిసెల తొలగింపును పూర్తిగా ఆపలేదు. ముందు నోటీసు ఇవ్వవలెనని, వానకాలము గడువవలెనని షరతులు పెట్టినది. అయినను ఆ తీర్పులోని కేంద్రవాక్యము నిలిచినది. పని యెక్కడనో పడక యక్కడ. మన యవ్వ ఆదోని బస్టాండులో చెప్పిన మాటయు ఇదియే గదా.

ఒక్క సంగతి ఆలోచింపుడు. మన సీమలో ఆరుబయట పండుకొనుట వింతయా? వైశాఖ జ్యేష్ఠ మాసములలో కర్నూలులోను, కడపలోను కలవారిలోను లేనివారిలోను పెక్కుమంది మిద్దెలపైననే పండుకొందురు. సాయంకాలము కడపబండలపై నీళ్ళు చల్లి, వేడి దిగిన పిమ్మట చాపలు పరచుకొని, చుక్కలు చూచుచు నిద్రించినవారమే మనమందరము. కావున తలపై కప్పు లేకుండుట యొక్కటియే వారి బాధ యని తలంపరాదు. మనము తెల్లవారి మిద్దె దిగి ఇంటిలోనికి పోవుదుము. కాలిబాటపై పండుకొన్న స్త్రీ యెచటికి పోవును? స్నానమునకు మరుగు లేదు. మరుగుదొడ్డికి పోవలెనన్న, చీకటి విడువకముందే పోవలె, లేదా మరల చీకటి పడువరకు ఓర్చుకొనవలె. కూలి డబ్బు దాచుకొనుటకు పెట్టె లేదు; పగలంతయు రొమ్మున, రాత్రి తలక్రింద. ఆధారుకార్డు వానలో తడిసిన ఇంకొకటి తెచ్చుకొనుటకు విలాసము లేదు. పిల్లకు జ్వరము వచ్చిన ఆనాడు ఎవరి యొద్ద విడిచి పనికి పోవలెను? ఇల్లనగా కప్పు మాత్రమే కాదు. ఇల్లనగా ఒక తలుపు, ఒక కొళాయి, ఒక మరుగుదొడ్డి, ఒక విలాసము. ఈ నాలుగింటిని మరువకుడు; పరిష్కారముల సంగతి మాట్లాడునపుడు ఇవియే మనకు కొలబద్దలు.

దూరపు నగరముల మాట చాలించి మన పట్టణములను చూతము. కర్నూలు సర్వజన వైద్యశాలకు మన జిల్లానుండియే కాక తెలంగాణనుండి, కర్ణాటకమునుండి కూడ రోగులు వత్తురు. రోగికి మంచము దొరకును. వెంట వచ్చినవారికి ఆవరణలోని చెట్టునీడ, వరండా మెట్లు. నెలల తరబడి అట్లు గడుపువారు కలరు. కడపలో పెద్దదర్గా ప్రాంగణమునకు మతభేదము లేక జనులు వత్తురు. మ్రొక్కు తీర్చుకొని పోవువారితోపాటు పోవుటకు చోటులేక అచటనే నిలిచిపోవు అభాగ్యులును అందులో నుందురు. రాయచోటి, రాజంపేట ప్రాంతములనుండి ఎందరు తల్లులు ఇల్లు కట్టుకొనవలెనను ఒక్క కోరికతో కువైటు పోయి, పరుల ఇండ్లలో పనిచేయుచు, తమ పిల్లలను తల్లుల యొద్ద విడిచియున్నారో మీరెరుగుదురు. 2021 నవంబరులో చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినపుడు పులపత్తూరు, మందపల్లి గ్రామములలో తెల్లవారునంతలో ఇండ్లు కొట్టుకొనిపోయి, ముందునాటి గృహస్థులు గుడారములలో పడిరి. ఇల్లు లేకుండుట ఒక జాతివారికో, ఒక తెగవారికో వ్రాసిపెట్టిన గీత కాదు.

కర్నూలువారికి నేనీ మాట విప్పి చెప్పవలెనా! 2009 అక్టోబరు 2వ తేదీని మరచినవా రెవరు? తుంగభద్రయు హంద్రియు ఒక్కటై నగరములోనికి వచ్చిన ఆ దినమున, మూడంతస్తుల యింటి వర్తకుడును, అతని కొట్టులో బరువులు మోయు హమాలీయు ఒకే మిద్దెపై, ఒకే అన్నపుపొట్లము కొరకు ఆకాశమువంక చూచిరి. నీరు తీసిన పిమ్మట, బురద నిండిన ఇంటిలోనికి అడుగుపెట్టలేక, బడులలోను, బంధువుల ఇండ్లలోను తల దాచుకొన్న ఆ రాత్రులలో మీకు ఏమి కావలసి వచ్చినదో గుర్తు తెచ్చుకొనుడు. పరుపులు కావలసి వచ్చినవా? కాదు. మంచినీళ్ళు, ఆడవారికి మరుగు, సామాను పెట్టుకొను మూల, రేపు ఎక్కడ అను ప్రశ్నకు సమాధానము. ఇంతకు ముందు చెప్పిన నాలుగును ఇవియే. ఈ నగరమునకు ఆదరించు గుణము క్రొత్త కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించి, కర్నూలు రాజధాని యైనపుడు, చాలినన్ని కట్టడములు లేక ప్రభుత్వమే గుడారములలో కాపురము పెట్టినది. ఊరంతయు సర్దుకొని చోటు చూపినది.

ఇక చేయవలసిన దేమి? చట్టములు లేవని వగచుట కాదు మన పని. సుప్రీంకోర్టు 2010లో, పెద్ద పట్టణములలో లక్ష జనాభాకు ఒకటి చొప్పున నిరాశ్రయులకు వసతిగృహము లుండవలెనని, అవి ఏడాది పొడవునను, పగలును రేయియు తెరచియుండవలెనని ఆదేశించినది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల పథకములో ఈ గృహములకు నిధులును, నియమములును ఏర్పడినవి. మన రాష్ట్రములో పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ యైన మెప్మా వారికి ఆ బాధ్యత యున్నది. 2011 జనగణన నాటికే కర్నూలు జనాభా నాలుగు లక్షలు దాటినది. కడప మూడు లక్షలు దాటినది. లెక్క మీరే వేసికొనుడు. కర్నూలునకు నాలుగు, కడపకు మూడు, ఇది కనీసము. మీ వార్డు కార్పొరేటరును, మునిసిపల్ కమిషనరును కలిసినపుడు, మన పట్టణములో ఇవి యెన్ని కలవు, ఎక్కడ కలవు అని అడుగుట మీ హక్కు.

ఏడాది పొడవునను, పగలును రేయియు, అను మాటను మరల నొకసారి వినుడు. ఉత్తరదేశములో చలికాలమున జనులు చనిపోవుచుండుటచే, ఈ గృహములు చలికొరకే యను భావ మొకటి యేర్పడినది. మన సీమలో ప్రాణము తీయునది వేసవి యెండ. మధ్యాహ్నము రెండుగంటలకు తలుపు మూసిన వసతిగృహము మే మాసములో కర్నూలునకు పనికిరాదు. రాత్రియెల్ల హోటలులో పాత్రలు తోమి, వాచ్‌మన్ పని చేసి, పగలు కన్ను మూయవలసినవాడు ఎచటికి పోవును? ఉదయము ఆరుగంటలకు అందరిని వెలుపలికి పంపు గృహము అతనికి గృహము కాదు. చోటును గూర్చియు ఒక మాట. తెల్లవారి కూలీలు నిలుచు అడ్డాకు నడచిపోదగినంత దూరమున, ఆసుపత్రికి ఎదుట, బస్టాండు ప్రక్క ఈ గృహము లుండవలెను. ఊరి వెలుపల స్థలము చౌకగా దొరికినదని అక్కడ కట్టినచో మంచములు ఖాళీగాను, కాలిబాటలు నిండుగాను ఉండును. ఆలుమగలు పిల్లలతో ఒకచో నుండదగిన గదులు కొన్ని తప్పక కావలెను. మగవారి కొకటి, ఆడవారి కొకటి యని కుటుంబమును విడదీసినచో, వారు కలిసి కాలిబాటపైననే పండుకొందురు. అది వారి మూర్ఖత్వము కాదు, వారి సంసారము.

సొంత ఇంటిని గూర్చిన మన పట్టుదల మంచిదే. మన జగన్నాథగట్టుపై ప్రభుత్వసంస్థ యైన టిడ్కో వారు పేదలకొరకు వేలకొలది ఇండ్లు కట్టిరి. అక్కడ స్థిరపడువారికి అది మేలే. కాని ఆరునెలలు ఇక్కడ, ఆరునెలలు అక్కడ బ్రదుకు సుగ్గికూలికి నగరములో సొంత ఇల్లు అక్కరలేదు. అతనికి కావలసినది నెల అద్దెకో, వార అద్దెకో దొరకు ఒక చిన్నగది. 2020లో మహమ్మారి దినములలో నగరములు తలుపులు మూసికొనగా, వలసకూలీలు పిల్లలను భుజములపై మోసికొని వందల మైళ్ళు నడచిన దృశ్యములు దేశము కన్నులు తెరపించినవి. ఆ యేటనే కేంద్రప్రభుత్వము వలసవారికి అద్దె గృహసముదాయముల పథకము ప్రకటించినది. అటువంటి గదులు హైదరాబాదులోను, బెంగుళూరులోను మాత్రమే కాదు, కర్నూలులోను కావలెను. మన పట్టణములకును సుగ్గికి వచ్చువారు కలరు.

ఇల్లు కట్టించువారికి కూడ చట్టము ఒక ధర్మము చెప్పినది. కట్టడపు కార్మికుల కొరకు 1996లో పార్లమెంటు చేసిన చట్టములో, పనివారికి పని జరుగుచోటనో, దగ్గరలోనో, పని ముగియువరకు ఉచితముగా వసతి కల్పింపవలెనని, అందు వంటకు, స్నానమునకు, మరుగుదొడ్డికి వేరువేరు చోటు లుండవలెనని స్పష్టముగా వ్రాసిరి. చట్టము చదివినవారు తక్కువ. పాటించినవారు అంతకంటె తక్కువ. కోట్ల రూపాయల భవనములో పనివాని వసతికి అయ్యెడి ఖర్చు ఎంత!

కూలి కాని నిరాశ్రయులును కలరు, వారిని మరువరాదు. మతి చలించి వీధులలో తిరుగువారు, కన్నబిడ్డలు ఆసుపత్రి వాకిట విడిచిపోయిన వృద్ధులు, ఇల్లు విడిచి పారిపోయి వచ్చిన పిల్లలు. వీరికి వసతిగృహ మొక్కటియే చాలదు. వైద్యమును, మనిషి తోడును కావలెను. దిక్కులేక తిరుగు మానసిక రోగిని రక్షణలోనికి తీసికొని, ఇరువది నాలుగు గంటలలో ప్రభుత్వ వైద్యశాలకు చేర్చి, అతని వారిని వెదకుట పోలీసుల విధి యని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము చెప్పుచున్నది. తల్లిదండ్రులను పోషింపని బిడ్డలపై ఆర్డీఓ కచేరీలోని ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకొను వీలును 2007 నాటి చట్టము కల్పించినది. అమ్మా, అయ్యా, మీ వీధిలో ఒక వృద్ధురాలు మూడురోజులుగా ఒకే అరుగుపై కూర్చుండియున్నచో, అన్నము పెట్టుట మంచిదే, కాని అంతతో ఆగకుడు. 14567 అను నెంబరునకు ఫోను చేయుడు. అది వృద్ధుల సహాయమునకు ఏర్పడినది. పిల్లలైనచో 1098. ఈ రెండు నెంబర్లను మరల చెప్పుచున్నాను. వృద్ధులకు 14567. పిల్లలకు 1098.

ఇంత చెప్పినను అసలు మాట ఇంకను మిగిలియున్నది. నగరములో ఎన్ని వసతిగృహములు కట్టినను, పల్లెలో ఇండ్లకు తాళములు పడుచున్నంత కాలము అవి నిండుచునే యుండును. పల్లెలలో ఏడాదికి నూరుదినముల పని యిత్తుమన్న ఉపాధిహామీ పథకము మన సీమలోనే, అనంతపురము జిల్లా బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న ఆరంభమైనది. పని దొరికి, చేసిన పనికి కూలి వెంటనే చేతికి వచ్చినచోట జనులు ఊరిలో నిలిచిరి. కూలి ఆలస్యమైనచోట మేస్త్రి యిచ్చు అడ్వాన్సు గెలిచినది. ఆకలికి వాయిదా లేదు గదా. సుగ్గి మొదలగు దీపావళికి ముందే పని మొదలుపెట్టి, వారము వారము కూలి చెల్లింపవలెనని పడమటి కర్నూలు కూలీలు కోరుటలో అన్యాయ మేమియు లేదు. నీటి సంగతి మీరెరుగనిది కాదు. శ్రీశైలమునుండి హంద్రీనీవా కాలువ మన జిల్లా గుండ పోవుచున్నది. తుంగభద్ర మన సరిహద్దును ఒరసికొనియే ప్రవహించుచున్నది. గుండ్రేవుల వద్ద జలాశయము కట్టవలెనని దీర్ఘకాలముగా కోరుచున్నాము. నది యొడ్డున నున్న కోసిగి, కౌతాళము జనులు కూలికై వందల మైళ్ళు పోవుట మన పాలనకు తలవంపు. నేనీ మాట ఏ ఒక్క ప్రభుత్వమును ఉద్దేశించి చెప్పుట లేదు. అన్ని ప్రభుత్వములకు చెందును.

పిల్లల విషయమున మాత్రము ఒక మంచి పని జరిగినది. సుగ్గికి పోవు తలిదండ్రులు పిల్లలను ఊరిలోనే విడిచి పోవుటకు వీలుగా సీజనల్ హాస్టళ్ళు నడపిరి. అవి దీపావళికి ముందే తెరచుకొనవలెను. తల్లి లారీ యెక్కిన పిమ్మట తెరచిన ప్రయోజన మేమి? ఇదే విధముగా, ఊరిలోని మిద్దెలు పడకుండ ఏటేట చౌడు పోయించుటకు, దూలము మార్పించుటకు పంచాయతీల ద్వారా చిన్న సాయ మేల చేయరాదు? క్రొత్త యిల్లు కట్టించుటపై మనకున్న శ్రద్ధ ఉన్న యింటిని నిలబెట్టుటపై లేదు. పడిన యింటికి పెట్టు ఖర్చులో ఎన్నవ వంతు చాలును ఒక మిద్దె నిలుచుటకు!

శ్రోతలారా, మీలో ఇల్లు కట్టించుచున్నవారు ఉందురు, కట్టింపబోవువారు ఉందురు. మేస్త్రితో బేరమాడునపుడు ఈ యొక్క షరతు మీరే పెట్టుడు: పని సాగినన్ని నాళ్ళు పనివారికి ఒక రేకులషెడ్డు, దానికి తలుపు, ఒక నీళ్ళకొళాయి, ఆడవారికి మరుగుదొడ్డి ఉండవలెనని. ఆ ఖర్చును అంచనాలో వ్రాయించుడు. మీ యింటిలోనికి మీరు చేరిన దినమున, దానిని కట్టినవారు ఆ రాత్రి ఎచట పండుకొందురో అడిగి తెలిసికొని, మరియొక పని దొరకువరకు ఆ షెడ్డును విప్పకుడు.